చదివింది నిలవని రోజులు

థైరాయిడ్ గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ, ప్రతి ఆరోగ్య పేజీలోనూ మొదటి వాక్యం ఒక్కటే. అది గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుందట. పక్కన రంగుల బొమ్మ కూడా వేస్తారు. ఇప్పుడు ఆ వాక్యం కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. నా గొంతులో ఉన్నదానికి రెక్కలూ లేవు, రంగులూ లేవు. పని ఎగ్గొట్టి నీడన పడుకున్న కూలీ లాంటిది అది. దాని పుణ్యమా అని నా జుట్టు, చర్మం, గొంతు, పేగులు, నెలసరి వరసగా చెడిపోయాయి. అవి చెడిపోయినా ఎట్లాగో ఓర్చుకునేదాన్ని. చదువు పోబోయింది. నేను చదివింది నాలో నిలవకుండా పోయింది. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి, మళ్లీ ఏమవుతుందో తెలియదు కాబట్టి, రాసి పెడుతున్నాను.

బేస్తవారిపేట దగ్గర పల్లె మాది. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో చదివాను. నవలలు, దేశాల చరిత్రలు, గ్రహాల సంగతులు, తేనెటీగల పెంపకం, చట్టాల పరిచయం, ఆఖరికి గొర్రెల జబ్బుల పుస్తకం కూడా వదల్లేదు. కొన్ని పుస్తకాలకు నాకంటే ముందు చెదలు తప్ప పాఠకులు లేరు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. కూలి పనికి పోయే ఆడదానికి ఇంతకంటే మంచి గర్వం ఏముంటుంది?

ఆ చదువుకు మా పనిలో ఒక చోటు కూడా ఉండేది. మిరప కోతలు అయ్యాక, కంభం రోడ్డులో ఒక వ్యాపారి షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతాం. కుప్ప చుట్టూ కూర్చుని అందరూ కాయలు వలుస్తుంటే, నేను ఒక అంచున, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, లైబ్రరీ నుంచి తెచ్చిన నవల పైకి చదివేదాన్ని. నా బుట్ట ఖాళీగా ఉండకుండా ఒక్కొక్కరు గుప్పెడు గుప్పెడు తొడిమ తీసిన కాయలు అందులో వేసేవాళ్లు. సాయంత్రం తూకంలో నా బుట్ట కూడా వాళ్ల బుట్టలతో సమానంగా తూగేది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నేను చదవాలి, వాళ్లు తీయాలి, అంతే.

రెండేళ్ల కిందటి ఎండాకాలం

మొదట గొంతు బొంగురుపోయింది. మిరప ఘాటు అనుకున్నాం. తరువాత చలి మొదలైంది. మా వైపు మే నెలలో కోళ్లు కూడా రెక్కలు చాపి నోళ్లు తెరుచుకుని పడుంటాయి. ఆ ఎండలో నేను మా ఆయన స్వెట్టరు వేసుకుని షెడ్డుకు పోయాను. దానమ్మ అని మా గుంపులో పెద్దామె ఉంది. నన్ను చూసి నెత్తి మీది తుండు కూడా తీసేసి నవ్వింది.

"ఏంది సుగుణా, కాశ్మీరు నుంచి దిగినావా?"

"చలేస్తాంది దానక్కా."

"మాకెవరికన్నా కొంచెం పంచిపెట్టమ్మా ఆ చలి. ఈ రేకుల కింద ఉడికిపోతాండాం."

నేనూ నవ్వాను. చదవడం మొదలుపెట్టాను. ఒక పేజీ తిప్పాక అందులో ఒక ఆమె ఏడుస్తూ ఉంది. దానమ్మ కాయ తొడిమ తుంచుతూ అడిగింది.

"ఆయమ్మ మొగుడు యాడికి పోయినాడు సుగుణా? నిన్న చెప్పినావు, మర్చిపోయినా."

నాకు తెలియలేదు. మొగుడు ఉన్నాడన్న సంగతే తెలియలేదు. ముందు రోజు నా నోటితో చదివిన కథ అది. పేజీలు వెనక్కి తిప్పి వెతికాను. అక్షరాలు కనబడుతున్నాయి, మాటలు తెలుస్తున్నాయి. ఒక వాక్యం దాటి ఇంకో వాక్యానికి పోయేసరికి ముందుది నేలలోకి ఇంకిపోయినట్టు పోతోంది. అందరూ చేతులు ఆపి నా వైపు చూశారు. అప్పుడు పట్టుకున్న భయం నిరుడు దాకా వదల్లేదు.

ఆ వానాకాలం

మా పశ్చిమ ప్రకాశంలో ఏ జబ్బుకైనా ఒకటే పేరు, నీళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నమాట నిజమే. పళ్లు గారపట్టడం, మోకాళ్లు వంకరపోవడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అయితే ఆ నిజాన్ని మా వాళ్లు ఎంత దూరం లాగుతారంటే, కోడి గుడ్డు పెట్టకపోయినా నీళ్ల మీదికే తోస్తారు. ఒళ్లునొప్పులా? నీళ్లు. వాపా? నీళ్లు. మతిమరుపా? అదీ నీళ్లే. ఫ్లోరైడు మీద లైబ్రరీలో ఉన్న చిన్న పుస్తకం నేనూ తిరగేశాను. కీళ్లు పట్టేయడం, నీరసం అని అందులో ఉంది. నాకూ అవి ఉన్నాయి. సరిపోయిందనుకున్నాను.

ఊళ్లో జరిగిన ఒక ఉచిత శిబిరంలో ఎముకలకు మంచిదని అందరికీ కాల్షియం మాత్రలు ఇచ్చారు. అప్పటి నుంచి పొద్దున్నే రాగిజావ తాగుతూ కాల్షియం మాత్ర మింగడం మా పల్లెలో పళ్లు తోముకోవడం లాంటి అలవాటైంది. మా ఆయన యోహాను తాపీ మేస్త్రీ. పనికి బయలుదేరే ముందు జావ గ్లాసు, మాత్ర తానే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. మింగేదాకా కదిలేవాడు కాదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు బలం తగ్గిందని సెలైన్ ఎక్కించాడు. ఎక్కించిన చెయ్యి ఉబ్బింది తప్ప బలం ఎక్కడా కనబడలేదు. ఇంకా నీరసంగా ఉందా అని అడిగి మళ్లీ ఎక్కించాడు.

నా ఒంటి సంగతి కూడా చెప్పాలి. మర్యాదకు దాచిపెట్టి రాస్తే ఇంకో ఆడది మోసపోతుంది. కాళ్ల మీద చర్మం పొలుసులు పొలుసులుగా లేచింది. గోకితే పిండి రాలేది. దువ్వెన నిండా, దిండు నిండా, అన్నంలో కూడా నా వెంట్రుకలే. కనుబొమ్మల చివరలు రాలిపోయాయి. మొహం నీళ్లలో నానబెట్టినట్టు ఉబ్బింది. నాలుక మందమై, నా నోట్లో ఇంకొకరి నాలుక పెట్టుకున్నట్టుండేది. రోజుల తరబడి విరేచనం అయ్యేది కాదు. నా ఒంటి వాసన నాకే పడేది కాదు. అద్దంలో కనబడే మొహాన్ని చూస్తే జాలి కాదు, రోత పుట్టేది. అద్దాన్ని గోడకు తిప్పి పెట్టాను.

మా ఆడబిడ్డ కరుణమ్మ పక్క వీధిలోనే ఉంటుంది. రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుని, నన్ను పైనుంచి కింది దాకా చూసేది.

"ఒళ్లు చూసినావా వదినా, ఎట్ల చేసినావో! కూర్చుని కూర్చుని."

"తిండి కూడా సయించడంలే కరుణా."

"తిండి గాదమ్మా, పుస్తకాలు. ఆడదానికి అన్ని పుస్తకాలు ఎందుకంట? మెదడు అరిగిపోదా? చెప్పులు అరగవా నడిస్తే? అట్లనే ఇదీ."

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. ఆ మౌనం మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం కూడా నెమ్మదిగా వచ్చింది. ఆ రోజుల్లో నాకు ఏదీ వేగంగా వచ్చేది కాదు.

చర్చిలో ఆదివారం వాక్యం చదివేది నేనే. ఒక ఆదివారం ఒక వచనం చదివి, మళ్లీ అదే చదివి, మూడోసారీ అదే మొదలుపెట్టాను. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య మెల్లగా అన్నాడు.

"కొన్నాళ్లు యవ్వనస్థులకు ఇద్దాం తల్లీ. నువ్వు ఇశ్రాంతి తీసుకో."

ఆయన మంచిమనసుతోనే అన్నాడు. నేను మాత్రం బైబిలు మూసి బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చి చూస్తే గూట్లో పుస్తకాలు లేవు.

"లైబ్రరీలో ఇచ్చేసినా," అన్నాడు మా ఆయన. "కొన్నాళ్లు ఈమెకు ఇయ్యొద్దు సార్ అని కూడా చెప్పొచ్చినా."

"ఎవర్నడిగి?"

"భయమేస్తాంది సుగుణా. నాకు నువ్వు గావాల, పుస్తకాలు గాదు."

దాని మీద పోట్లాడే ఓపిక లేదు. షెడ్డులో మాత్రం అందరిలా తొడిమలు తీయడానికి కూర్చున్నాను. నా చేతులు అందరికంటే నెమ్మదిగా కదిలేవి. నేను చదవకపోయినా దానమ్మ అప్పుడప్పుడు ఒక గుప్పెడు నా బుట్టలో వేసేది. అటు తిరిగి వేసేది, నేను చూడనట్టు ఉండాలని.

క్రిస్మస్‌కు ముందు

నెలసరి మొదలైతే ఆగకుండా పోయింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. దానికైతే నీళ్లని చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మార్కాపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

వెయిటింగ్ హాలు గురించి ఎవరూ ఎందుకు రాయరో నాకు తెలియదు. రోగం సగం అక్కడే అనుభవిస్తాం. బయట చెప్పుల గుట్ట. లోపల ఫినాయిలు వాసన, దాని కింద ఇంకేదో వాసన. గోడ మీద టీవీలో ఎవరో వంట చేస్తుంటారు. మందుల కంపెనీ వాళ్లు నల్ల సంచులతో వచ్చి, టోకెన్ లేకుండా నవ్వుతూ లోపలికి పోతారు. మనం పొద్దుటి నుంచి కూర్చుని, మన పేరు తప్పుగా పిలిచినా లేచి పరుగెత్తాలి.

డాక్టరమ్మ నా ముంజేతి మీద చర్మం చూసింది. కాలి ఎముక మీద వేలితో నొక్కింది. నా గొంతు విని తలెత్తింది.

"చలేస్తుందా?"

"ఎండాకాలంలో కూడా వేసిందమ్మా."

"మర్చిపోతున్నావా?"

నాకు ఏడుపు వచ్చేసింది. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తం పరీక్ష రాసింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని చెప్పి, రోజూ పొద్దున్నే ఒక మాత్ర, బహుశా జీవితమంతా, అంది. తరువాతి టోకెన్ పిలిచారు.

అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పాత పేపర్ల ఆరోగ్య పేజీల్లో ఒక్కో పేరా పదిసార్లు చదవాల్సి వచ్చింది. చివరికి నాకు నేను ఇట్లా చెప్పుకున్నాను. ఒంట్లో ప్రతి భాగం ఎంత వేగంతో పని చేయాలో చెప్పే రసాయనం ఈ గ్రంథి చేస్తుంది. గుండె, పేగు, చర్మం, మెదడు, గర్భసంచి, అన్నీ ఆ మాట కోసమే చూస్తుంటాయి. ఈ గ్రంథి సోమరిపోతే అన్నీ నిద్రమొహం వేస్తాయి. తలలో దీని మీద పెత్తనం చేసే ఇంకో చిన్న గ్రంథి ఉంది. కూలీలు కదలనప్పుడు మేస్త్రీ అరుపు పెరిగినట్టు, అది తన హార్మోనును పెంచుతూ పోతుంది. కాగితంలో పెద్దగా కనబడే టీఎస్‌హెచ్ అంకె ఆ మేస్త్రీ అరుపు. అంకె పెద్దదైతే కూలీ పని తక్కువైనట్టు. మా ఊళ్లో మాత్రం "సుగుణకు థైరాయిడ్ ఎక్కువైందంట" అని తిరగేసి చెప్పుకున్నారు. కరుణమ్మ అయితే నన్ను చూడటానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. దిద్దడానికి ఓపిక లేక ఊరుకున్నాను.

ఇక బాగవుతుందన్న ఆశతో ఇంటికి వచ్చాను. మా ఆయన కూడా ఉత్సాహంగా పొద్దున్నే జావ గ్లాసుతో రెండు మాత్రలు తెచ్చేవాడు. కాల్షియం ఒకటి, కొత్తది ఒకటి. రెండూ నా అరచేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేవాడు.

ఆ తరువాతి ఎండాకాలం

ఏమీ మారలేదు. మళ్లీ పరీక్ష, మళ్లీ అదే అంకె. డాక్టరమ్మ మాత్ర మోతాదు పెంచింది. మళ్లీ పోయాం. అంకె కదల్లేదు. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది.

"రోజూ వేసుకుంటున్నావా అమ్మా? నిజం చెప్పు."

"వేసుకుంటున్నానమ్మా."

"వేసుకుంటే ఇట్లా ఉండదే."

బయటికి వచ్చాక మా ఆయన కూడా మెల్లగా అడిగాడు. "నేను పోయినాక ఉమ్మేస్తాండావా సుగుణా?" రోజూ తన కళ్ల ముందే మింగిన మనిషిని ఆ మాట అడిగాడు. ఆ రోజు నాకు అందరి మీదా అసహ్యం పుట్టింది. డాక్టరమ్మ మీద, మా ఆయన మీద, నీళ్ల మీద, సెలైన్ ఎక్కించినవాడి మీద, నా మీద. రోగం వస్తే మనిషి అబద్ధాలకోరు కూడా అవుతాడని ఎవరూ ముందే చెప్పరు.

మరోసారి పోయినప్పుడు కుర్చీ దొరక్క గోడ పక్కన నిలబడితే, కంభం నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆమె జరిగి చోటు ఇచ్చింది. నల్ల బురఖా మీద చిన్న టిఫిన్ డబ్బా పెట్టుకుని ఉంది.

"నీకూ ఇదేనా?" అని గొంతు మీద వేలు పెట్టుకుని అడిగింది.

"అదే అక్కా. తగ్గి చావడంలే."

"పొద్దున ఏంతో మింగుతావు?"

"జావతో. కాల్షియం మాత్రతో కలిపి."

ఆమె నెత్తి కొట్టుకుంది. "హాయ్ అల్లా! కాల్షియంతోనా? నేనూ మొదట్లో అట్లనే పాలతో మింగి ఏడాది పాడు చేసుకున్నా. ఉత్త నీళ్లతో మింగాల చెల్లే. ఆ పైన అరగంట, గంట ఏమీ తినగూడదు. కాల్షియం సాయంత్రం. రెండిటికీ పడదు. కాల్షియం కడుపులో ఈ మాత్రను పట్టుకుని ఒంట్లోకి పోనీదు."

లోపలికి పోగానే డాక్టరమ్మను అడిగాను.

"అవును మరి, విడిగా వేసుకోవాలి," అంది రాస్తూనే. "నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ. ఆ ఎవరూ అనేవాళ్లు ఎవరో, ఎక్కడ ఉంటారో, టోకెన్ తీసుకుంటారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పాల్సిన మనిషి నా ముందు కూర్చుని పెన్ను మూత పెడుతోంది. ఒంటి రోత అయినా సబ్బుతో కాస్త పోతుంది, ఆ ప్రశ్న రోత పోలేదు. చెడ్డ డాక్టరు కాదామె. నా చర్మం చూసి జబ్బు పట్టుకున్నది ఆమే. అందుకే ఇంకా ఎక్కువ కోపం.

బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్లుపాడు దాటాక అన్నాడు.

"నా చేత్తోనే ఇచ్చినా గదా."

"నువ్వు చేత్తో ఇచ్చినావు. ఆయమ్మ నోటితో చెప్పలే. అంతే."

"నీళ్లు నీళ్లనుకుంటా ఉన్నాం..."

"ఇంక ఆ మాట ఎత్తినావంటే బస్సు దిగిపోతా."

నవ్వు ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

నిరుటి నుంచి

పొద్దున లేవగానే ఉత్త నీళ్లతో ఆ మాత్ర ఒక్కటే. జావ చాలాసేపటికి. కాల్షియం సాయంత్రం. ఇది చదివేవాళ్లలో ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఉంటే, మీ డాక్టరును మీరే అడగండి. పాలు, టీ, కాల్షియం, ఐరన్ మాత్ర, ఏది ఎంత ఎడంగా అని అడగండి. వాళ్లు చెప్పేదాకా కూర్చోవద్దు. లేచి నిలబడి అడగండి. తరువాతి టోకెన్‌ను కాసేపు ఆగమనండి.

చలి ముందు పోయింది. తరువాత పేగులు దారికి వచ్చాయి. నెలసరి కుదురుకుంది. జుట్టు పోయినంత రాలేదు. గొంతులో ఇంకా గరగర ఉంది. వీటి సంగతి నేను గమనిస్తూనే ఉన్నాను గానీ పట్టించుకోలేదు. నాకు కావలసింది ఒక్కటే. దాన్ని పరీక్ష చేసుకోవడానికి మాత్రం భయం. చదివి, నిలవకపోతే?

మా ఆయనకు సంతకం తప్ప చదువు లేదు. ఒకరోజు పని నుంచి వచ్చేటప్పుడు సున్నం చేతులతో లైబ్రరీకి పోయి, ఒక లావుపాటి నవల తెచ్చాడు.

"యాడ తీసినావు దీన్ని?"

"బీరువాలోవన్నీ చేత్తో పట్టుకుని చూసినా. ఇదే బరువుంది. చిన్నది తెస్తే తొందరగా అయిపోతుంది, మళ్లీ పోవాల గదా."

కొన్నాళ్లు దాన్ని ముట్టుకోలేదు. తరువాత రోజుకు కొంచెం, పొయ్యి దగ్గర, ఎవరూ లేనప్పుడు చదివాను. ఒక అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, అందులో ఏం జరిగిందో నాలో నేను చెప్పుకునేదాన్ని. మొదట్లో సగం జారిపోయేది. వెనక్కి పోయి మళ్లీ చదివేదాన్ని. వారాలు గడిచేకొద్దీ వెనక్కి తిప్పడం తగ్గింది. ఒకనాడు చూసుకుంటే, వెనక్కి తిప్పడం మర్చిపోయి చివరి పేజీలో ఉన్నాను.

సాయంత్రం అన్నం పెడుతుంటే మా ఆయన పుస్తకం వైపు చూశాడు. భయం భయంగా అడిగాడు.

"ఎట్లుంది?"

"చెత్త పుస్తకం," అన్నాను.

చెయ్యి కంచంలోనే ఆగింది. "అయ్యో, బరువుందని తెచ్చినానే!"

"బరువే గానీ లోపలేం లేదయ్యా. మొదట్లో గుడ్డివాడైన మామకు నడుమకొచ్చేసరికి కండ్లొచ్చినాయి. ఎట్లొచ్చినాయో రాసినాయనకే తెలియదు. ఆ పెద్ద చెల్లెలు నాలుగో అధ్యాయంలో సముద్రం చూడలేదంటుంది, పదమూడో దాంట్లో చిన్నప్పుడు ఆ ఒడ్డునే పెరిగినానంటుంది..."

అన్నం చల్లారిపోయింది. ఆయన తినడం మానేసి వింటూ కూర్చున్నాడు. నేను ఆ చెత్త కథంతా మొదటి నుంచి చివరి దాకా, అందులో ఉన్న ప్రతి మనిషినీ తిడుతూ చెప్పాను. ఒక్క పేరుకు కూడా తడుముకోలేదు.